కోచ్ వాలంటీరే కదా అని ఊరుకోవాలా? (పిల్లల బేస్‌బాల్ లీగ్)

ఫ్రిస్కో_అమ్మ (టెక్సస్)

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా బాబుకి తొమ్మిదేళ్లు. ఈ స్ప్రింగ్‌లో మొదటిసారి బేస్‌బాల్‌లో చేర్పించాం. మా దగ్గర లీగ్ లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్ సంస్థ) రూల్స్ ప్రకారం నడుస్తుంది. జట్టులో 12 మంది పిల్లలు. కోచ్‌లందరూ పిల్లల నాన్నలే, ఎవరికీ జీతం లేదు. హెడ్ కోచ్ కొడుకే జట్టులో మెయిన్ పిచ్చర్, అంటే బ్యాటర్‌కి బంతి వేసేవాడు.

పోయిన శనివారం మ్యాచ్‌లో మా వాడు రైట్ ఫీల్డ్‌లో ఉన్నాడు. ఎండ సరిగ్గా కళ్లల్లో కొడుతోంది. పైకి లేచిన బంతి గ్లోవ్ అంచుకి తగిలి కింద పడింది, రెండు పరుగులు పోయాయి. కోచ్ డగౌట్ (జట్టు కూర్చునే చోటు) లోంచి గ్రౌండ్‌లోకి వచ్చి మరీ అరిచాడు. "నిద్రపోతున్నావా? ఇది క్రికెట్ కాదు!" అని. ఇన్నింగ్స్ మధ్యలోనే వాణ్ణి పిలిచేసి బెంచీ చివర కూర్చోబెట్టాడు. ఇక మళ్లీ పంపలేదు. వాడు టోపీ ముఖం మీదికి లాక్కుని అలాగే కూర్చుండిపోయాడు. నేను కంచెకి ఇవతల ఐదడుగుల దూరంలో ఉన్నాను. పిలిచినా తల ఎత్తలేదు.

ఇది ఆ ఒక్కరోజు సంగతి కాదు. మూడు వారాలుగా శనివారం వచ్చేసరికి కడుపునొప్పి అంటున్నాడు. నిన్న ప్రాక్టీసుకి బయల్దేరదామంటే క్లీట్స్ (ఆట బూట్లు) కనిపించలేదు. ఇల్లంతా వెతికితే గరాజ్‌లో బియ్యం బస్తా వెనక దొరికాయి. వాడే దాచాడు.

మా వారేమో "ఆయన పాపం ఊరికే చేస్తున్నాడు. మనం ఏమన్నా అంటే వీణ్ణి ఇంకా పక్కన పెడతాడు. ఐదు వారాలు ఓపిక పడితే సీజన్ అయిపోతుంది" అంటున్నారు. నాకైతే నిద్ర పట్టట్లేదు. జీతం తీసుకోని మనిషి అయినంత మాత్రాన ఏమన్నా పడాలా? ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి?

గుంటూరు_కారం (న్యూజెర్సీ)

అమ్మా, మీ బాధ అర్థమైంది కానీ నా మాట కూడా వినండి. మా హైస్కూల్లో పీఈటీ మాస్టారు కబడ్డీ నేర్పేటప్పుడు తొడ మీద బెత్తంతో కొట్టేవారు. ఆయన వల్లే జిల్లా స్థాయి దాకా ఆడాను. ఇప్పటికీ ఊరెళ్తే ఆయన కాళ్లకి దణ్ణం పెట్టి వస్తాను. ఒక్క అరుపుకి పిల్లలు కుంగిపోతే రేపు ఉద్యోగంలో మేనేజర్ అరిస్తే ఏం చేస్తారు? ఇక్కడ పుట్టిన పిల్లల్ని మనం మరీ సుకుమారంగా పెంచుతున్నామనిపిస్తుంది. పైగా ఆ మనిషి తన శనివారాలు వదులుకుని వస్తున్నాడు.

నర్సు_లక్ష్మి (ఒహాయో)

గుంటూరు గారూ, మీ మాస్టారి మీద మీకున్న గౌరవాన్ని కాదనను. కానీ ఆ బెత్తానికి భయపడి ఆట మానేసిన వాళ్లు ఎవరూ ఆయన కాళ్లకి దణ్ణం పెట్టడానికి రారు కదా, వాళ్ల మాట మనకి వినపడదు.

నేను స్కూల్ నర్సుని. సోమవారం నుంచి శుక్రవారం వరకు బాగుండి, ఆట రోజు మాత్రమే కడుపునొప్పి వచ్చే పిల్లల్ని చాలామందిని చూశాను. ఆ నొప్పి నాటకం కాదు, నిజంగానే వస్తుంది. ముందు ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించండి, వేరే కారణం ఏమీ లేదని తేలాలి.

వాషింగ్టన్ యూనివర్సిటీలో స్మోల్, స్మిత్ అనే సైకాలజిస్టులు లిటిల్ లీగ్ కోచ్‌ల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. కొంతమంది కోచ్‌లకి చిన్న శిక్షణ ఇచ్చారు. తప్పు చేసిన వెంటనే ధైర్యం చెప్పడం, ఎలా సరిదిద్దుకోవాలో చూపించడం, తిట్టడం మానేయడం, అంతే. 1992లో వచ్చిన వాళ్ల పేపర్ ప్రకారం, శిక్షణ పొందిన కోచ్‌ల దగ్గర ఆడిన పిల్లల్లో తర్వాతి ఏడాది మానేసింది 5 శాతం. శిక్షణ లేని కోచ్‌ల దగ్గర 26 శాతం. ఈ తేడాకి గెలుపు ఓటములతో సంబంధం కనిపించలేదు.

ఇంకోటి. బాబుని "కోచ్ నిన్ను తిట్టాడా?" అని అడక్కండి. అలా అడిగితే అవును, కాదు అని ఊరుకుంటాడు. కారులో ఇద్దరే ఉన్నప్పుడు "బెంచీ మీద కూర్చున్నప్పుడు ఏమైంది?" అని అడిగి మీరు మాట్లాడకుండా ఉండండి. కారులో ముఖం చూడక్కర్లేదు కాబట్టి పిల్లలు తొందరగా నోరు విప్పుతారు.

ఎడిసన్_బాబాయ్ (న్యూజెర్సీ)

తల్లీ, నేను మా దగ్గర లిటిల్ లీగ్ బోర్డులో నాలుగేళ్లు పనిచేశాను. అందులో రెండేళ్లు ప్లేయర్ ఏజెంట్‌గా, అంటే ఆటగాళ్ల వ్యవహారాలు చూసే బోర్డు సభ్యుడిగా. ఇలాంటి ఫిర్యాదులు ముందు నా దగ్గరికే వచ్చేవి. అందుకని పద్ధతి చెబుతాను.

కోచ్ వాలంటీర్ అయితే ఆయన పైన ఎవరూ ఉండరనుకుంటారు మనవాళ్లు. అది పొరపాటు. 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో కార్ల్ స్టాట్జ్ ఈ లీగ్ మొదలుపెట్టినప్పటి నుంచీ ఇది వాలంటీర్ల మీదే నడుస్తోంది. కాబట్టి రూల్స్ అన్నీ రాసింది వాళ్లని దృష్టిలో పెట్టుకునే. జట్టుని నడిపే మనిషిని (రూల్ బుక్‌లో మేనేజర్ అంటారు) లీగ్ ప్రెసిడెంట్ ప్రతిపాదిస్తే బోర్డు ఆమోదిస్తుంది. అది కూడా ఒక్క ఏడాదికే. వచ్చే ఏడాది ఆయనకి మళ్లీ ఇవ్వాలన్న హక్కేమీ లేదు. చాలా లీగ్‌ల వెబ్‌సైట్లో బోర్డు పేర్లు ఉంటాయి. అందులో ప్లేయర్ ఏజెంట్, సేఫ్టీ ఆఫీసర్ ఎవరో చూడండి. రాయాల్సింది వాళ్లకి, కాపీ ప్రెసిడెంట్‌కి. అక్కడ కదలిక లేకపోతే పైన చుట్టుపక్కల లీగ్‌లన్నిటినీ చూసే డిస్ట్రిక్ట్ అడ్మినిస్ట్రేటర్ ఉంటారు.

ఇప్పుడు రెండు ప్రశ్నలు. ఆ రోజు మీ వాడు మొత్తం ఎన్ని అవుట్లు పడేదాకా ఫీల్డింగ్‌లో ఉన్నాడు? బ్యాటింగ్ ఎన్నిసార్లు వచ్చింది?

ఫ్రిస్కో_అమ్మ

బాబాయ్ గారూ, చాలా థాంక్స్. మ్యాచ్ నాలుగు ఇన్నింగ్సే జరిగింది, టైమ్ అయిపోయింది. మా వాడు మొదటి ఇన్నింగ్స్ బెంచీ మీదే. రెండోది పూర్తిగా ఆడాడు, అంటే మూడు అవుట్లు. మూడోదాంట్లో ఒక అవుట్ పడ్డాక బంతి జారవిడిచాడు, వెంటనే తీసేశారు. మొత్తం నాలుగు అవుట్లు. బ్యాటింగ్ ఒక్కసారి వచ్చింది.

ఇంకో విషయం, ఇది మా వాడిది కాదు. కోచ్ తన కొడుకుతో చాలా ఎక్కువ బంతులు వేయిస్తున్నాడనిపించింది. ఆ రోజు కాస్ట్‌కో రసీదు వెనక గీతలు గీస్తూ లెక్కపెట్టాను. మూడు ఇన్నింగ్స్‌లో 94. యాప్‌లో చూస్తే 74 అని ఉంది. స్కోర్ పెట్టేది కోచ్ స్నేహితుడే. ఆ పిల్లాడు మళ్లీ మంగళవారం మ్యాచ్‌లో రెండు ఇన్నింగ్స్ వేశాడు. ఇది కూడా రాయనా?

ఎడిసన్_బాబాయ్

తల్లీ, ఒక్క నిమిషం. ప్రతి ఇన్నింగ్స్ ముందు పిచ్చర్ క్యాచర్‌కి వేసే వార్మప్ బంతులు కూడా మీ గీతల్లో కలిపారా?

ఫ్రిస్కో_అమ్మ

అయ్యో, కలిపాను. వాడి చేతిలోంచి వెళ్లిన ప్రతి బంతికీ గీత గీశాను. అవి లెక్కలోకి రావా?

ఎడిసన్_బాబాయ్

రావు. బ్యాటర్‌కి వేసినవే లెక్క. కాబట్టి యాప్‌లో ఉన్న 74 తప్పు అనడానికి మన దగ్గర ఆధారం లేదు. స్కోర్ పెట్టే ఆయన మీద ఒక్క ముక్క కూడా రాయకండి. ఫిర్యాదులో ఒక్క మాట తప్పని తేలితే మిగతా పది నిజాలూ నీరుగారిపోతాయి. బోర్డు టేబుల్ దగ్గర కూర్చుని ఇది నేను కళ్లారా చూశాను.

కానీ 74 అనే అంకె చాలు. 9, 10 ఏళ్ల పిల్లలకి రోజుకి గరిష్ఠంగా 75 బంతులు, అక్కడ ఆయన గీత దాటలేదు. అయితే 14 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లలు ఒక రోజులో 66 గానీ అంతకంటే ఎక్కువ గానీ వేస్తే నాలుగు పూర్తి రోజులు విశ్రాంతి ఇవ్వాలి. శనివారం 74 వేసిన పిల్లాడు గురువారం దాకా బంతి వేయకూడదు. మంగళవారం వేశాడంటే వాళ్ల సొంత యాప్ ప్రకారమే రూల్ తప్పారు. 2007 నుంచి లిటిల్ లీగ్‌లో ఈ బంతుల లెక్క ఉంది. అంతకు ముందు ఇన్నింగ్స్ లెక్క ఉండేది, దాని వల్ల భుజాలు, మోచేతులు దెబ్బతినేవి.

ఇక మీ వాడి సంగతి. రెగ్యులర్ సీజన్‌లో మ్యాచ్ మొదలయ్యే సరికి వచ్చిన ప్రతి పిల్లాడూ కనీసం ఆరు అవుట్లు ఫీల్డింగ్‌లో ఉండాలి, ఒక్కసారైనా బ్యాటింగ్ చేయాలి. నాలుగు అవుట్లకే తీసేశారు. దీనికి మొదటిసారి రాతపూర్వక హెచ్చరిక, రెండోసారి తర్వాతి మ్యాచ్‌కి సస్పెన్షన్, మూడోసారి సీజన్ మొత్తం. మ్యాచ్ టైమ్ చాలక కుదించారు కాబట్టి ఆయన ఏదో సర్దిచెప్పుకోవచ్చు, చెప్పుకోనివ్వండి. మీరు రాయాల్సింది రాయండి.

కోచ్_నాన్న (ఆస్టిన్)

నేను మూడు సీజన్లుగా కోచ్‌ని. ఇది చదివి రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

ముందు మా వైపు మాట. నాలుగున్నరకి ఆఫీసులోంచి బయటపడాలి, దానికి మేనేజర్‌కి ప్రతివారం సంజాయిషీ. కారు డిక్కీ నిండా హెల్మెట్లు, బ్యాట్లు, బేస్‌లు. సహాయానికి ఎవరైనా రండి అని గ్రూపులో పెడితే 12 కుటుంబాల నుంచి ఒక్క జవాబు. ఇరవై నిమిషాలు ఆలస్యంగా దింపి, పది నిమిషాలు ఆలస్యంగా తీసుకెళ్లే వాళ్లు ఉంటారు. మ్యాచ్ పోయాక మాత్రం మెసేజ్‌లు టంచనుగా వస్తాయి. ఇవన్నీ నిజం.

ఇప్పుడు రెండో మాట. పోయినేడాది సెమీఫైనల్లో మా అబ్బాయి మూడో బేస్ దగ్గర బంతి వదిలేశాడు. నేను హెల్మెట్ నేలకేసి కొట్టాను. పిల్లలందరూ ఒక్కసారి నిశ్శబ్దమైపోయారు. నాకు ఇంకా కళ్లముందు ఉంది, చివర్లో కూర్చున్న ఒక చిన్నపాప చెవులు మూసుకుంది. ఇంటికి వెళ్లేదాకా కారులో మా వాడు మాట్లాడలేదు. రాత్రి పడుకునేముందు "నాన్నా, వచ్చే సంవత్సరం నువ్వు కోచ్ కాకపోతే కూడా నేను ఆడొచ్చా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న నన్ను మార్చింది. మర్నాడు ప్రతి కుటుంబానికీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. బోర్డుకి కూడా నేనే చెప్పాను. ఒక బోర్డు మెంబరు రెండు మ్యాచ్‌లు నా పక్కన కూర్చున్నారు. సిగ్గుగా అనిపించింది, కానీ అది అవసరం.

అందుకే అంటున్నా, ఫ్రిస్కో అక్కా, రాయండి. ఆ మనిషికి ఎవరూ చెప్పకపోతే ఆయనకి తెలిసే అవకాశమే లేదు. అయితే మ్యాచ్ అయిన వెంటనే పార్కింగ్‌లో పట్టుకోవద్దు. ఒక రోజు గడవనివ్వండి. పిల్లల ముందు వద్దు, టీమ్ గ్రూపులో అసలే వద్దు. గ్రూపులో పెట్టారంటే చర్చంతా మీ మెసేజ్ మీదికి మళ్లుతుంది, బెంచీ మీద కూర్చున్న పిల్లాణ్ణి అందరూ మర్చిపోతారు.

ఆ పిచ్చర్ పిల్లాడి గురించి కూడా తప్పకుండా రాయండి. వాళ్ల నాన్నే కోచ్. ఇక ఆ పిల్లాడు "భుజం నొప్పి" అని ఎవరికి చెప్పుకుంటాడు?

బే_ఏరియా_రాధ (కాలిఫోర్నియా)

మాది సాకర్. మా పిల్లలు అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్, అంటే ఏవైఎస్‌ఓలో ఆడతారు, నేను వాలంటీర్ రిఫరీని. 1964లో ఇక్కడి టోరెన్స్‌లో మొదలైన సంస్థ అది. "అందరూ ఆడాలి" అన్నది మొదటి సూత్రం, ప్రతి పిల్లా ప్రతి మ్యాచ్‌లో కనీసం సగం సేపు మైదానంలో ఉండాలి. సాకర్‌లో ఒక సౌకర్యం ఏమిటంటే 2019 నుంచి కోచ్‌లకి కూడా పసుపు, ఎర్ర కార్డులు చూపించొచ్చు. రిఫరీలుగా ఉన్నది పద్నాలుగేళ్ల పిల్లలైతే మాత్రం పెద్దవాళ్లకి కార్డు చూపించాలంటే చేతులు వణుకుతాయి. అలాంటప్పుడు తల్లిదండ్రులు ఆ పిల్ల రిఫరీ పక్షాన నిలబడాలి.

"ఇది క్రికెట్ కాదు" అన్న మాట దగ్గర నా మనసు చివుక్కుమంది. మా అమ్మాయికి కూడా ఇలాంటిది ఎదురైంది. అది రేసిజమా అని మీరు మథనపడుతుంటారు. ఫిర్యాదులో ఆ పేరు పెట్టకండి, ఆయన అన్న మాటని అన్నట్టుగా కోట్‌లో పెట్టండి. చదివిన వాళ్లకి అర్థమవుతుంది. మీరు పేరు పెట్టారంటే ఆయన "నా ఉద్దేశం అది కాదు" అని ఉద్దేశాల గురించి గంట మాట్లాడతాడు.

మోరిస్‌విల్_మామ (నార్త్ కరొలైనా)

అందరూ అమెరికన్ కోచ్ గురించి మాట్లాడుతున్నారు. కోచ్ మన తెలుగువాడే అయితే? నేను పడింది అదీ.

మా దగ్గర పిల్లల క్రికెట్ చాలా పెద్దది. 2024 వరల్డ్ కప్‌లో డాలస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీలో అమెరికా జట్టు సూపర్ ఓవర్‌లో పాకిస్తాన్ మీద గెలిచాక మా పాప బ్యాట్ పట్టుకునే పడుకునేది. లీగ్‌లో చేర్పించాం. కోచ్ నాకు బాగా తెలిసిన మనిషి, ఒకే కమ్యూనిటీ, వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్లి ప్రసాదం తిన్నవాళ్లం. ఆయన కొడుకు ఓపెనర్. మా పాప ప్రతి మ్యాచ్‌లో పదకొండో నంబర్. నలభై నిమిషాలు డ్రైవ్ చేసి వెళ్తే, ప్యాడ్లు కట్టుకుని చెట్టు కింద కూర్చునేది, ఇన్నింగ్స్ అయిపోయేది, ప్యాడ్లు విప్పుకునేది. ఆరు మ్యాచ్‌లలో నాలుగు బంతులు ఎదుర్కొంది. అడిగితే "అన్నా, గెలవాలి కదా" అనేవాడు. తప్పు చేసిన పిల్లల్ని తెలుగులో తిట్టేవాడు, అంపైర్‌కి అర్థం కాదు కాబట్టి. ఆ తిట్లు ఇక్కడ రాయలేను. అర్థమైంది మా పిల్లలకే.

పార్కింగ్‌లో తల్లిదండ్రులందరూ గొణిగేవాళ్లే. "మీరు అడగండి, మేం వెనక ఉంటాం" అన్నారు. లెటర్ రాసి సంతకాలకి పంపితే తొమ్మిది కుటుంబాల్లో రెండే కుటుంబాలు పెట్టాయి. మిగతా వాళ్లని తప్పుపట్టను, కార్‌పూల్ ఆయనతోనే, బతుకమ్మకి ఒకే హాల్, వీసా పనుల్లో సాయం కావాలన్నా ఆయనే. మొహమాటం మనల్ని తినేస్తుంది. మనలో మనం గొడవ పడటం ఏంటి అంటూ పిల్లల్ని బలిపెడతాం.

నేను లీగ్‌ని ఒక్కటే అడిగాను. ఆయన్ని తీసేయమనలేదు. ప్రతి బ్యాటర్ పాతిక బంతులు ఆడగానే రిటైర్ అవ్వాలి, ఆర్డర్ ప్రతి మ్యాచ్‌కీ తిరగాలి, ఈ రెండూ రాతలో పెట్టమన్నాను. పెట్టారు. తర్వాతి మ్యాచ్‌లో మా పాప మూడో నంబర్‌లో వచ్చి పదకొండు పరుగులు చేసింది. స్నేహం మాత్రం దెబ్బతింది. ఏడాది అయింది, మా ఆవిడా వాళ్లావిడా గుడిలో ఎదురుపడితే పక్కకి చూసుకుంటారు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. అయినా మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అదే చేస్తాను.

గుంటూరు_కారం

మోరిస్‌విల్ గారూ, ప్యాడ్లు కట్టుకుని చెట్టు కింద కూర్చున్న పాప మాట చదివాక కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. క్రమశిక్షణకి కాస్త భయం కావాలన్న నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. కానీ ఆడనివ్వకపోవడం వేరు, కష్టపెట్టి ఆడించడం వేరు. మా మాస్టారు కొట్టేవారు కానీ ఎవర్నీ బెంచీ మీద ఉంచలేదు. ఫ్రిస్కో అమ్మ గారూ, నా మొదటి పోస్టులో సుకుమారం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఒక సందేహం, వాలంటీర్ల మీద కేసులు వేయకూడదని ఏదో చట్టం ఉందంటారు. మరి ఫిర్యాదు చేస్తే మనకే తిరగబడదా?

ఎడిసన్_బాబాయ్

ఉంది, 1997 నాటి ఫెడరల్ చట్టం, వాలంటీర్ ప్రొటెక్షన్ యాక్ట్. మామూలు పొరపాటు వల్ల నష్టం జరిగితే వాలంటీర్ సొంత జేబులోంచి కట్టనక్కర్లేదన్నది దాని సారం. కావాలని చేసినదానికీ, తెలిసి తెలిసి పిల్లల భద్రతని గాలికొదిలేసినదానికీ అది వర్తించదు. అసలు బోర్డుకి ఉత్తరం రాయడం కేసు వేయడం కానే కాదు. దీని గురించి టెన్షన్ పడకండి.

కూకట్‌పల్లి_అక్క (హైదరాబాద్)

ఇక్కడ కథ ఇంకో రకం. మా అక్క కూతురు బ్యాడ్మింటన్ ఆడుతుంది. ఇక్కడ అకాడమీ కోచ్‌లకి నెలనెలా ఫీజు కడతాం, అయినా నోరు మెదపం. గోపీచంద్, సైనా, సింధు పేర్లు చూసి పిల్లల్ని తెల్లవారుజామున ఐదింటికి లేపి తీసుకెళ్తాం. సెలెక్షన్ ఆయన చేతిలో ఉందన్న భయం. మీ దగ్గర రాసిన రూల్ ఉంది, అడిగే చోటు ఉంది. అది చాలా పెద్ద విషయం, వదులుకోకండి.

తిట్లు కాకుండా అంతకు మించింది ఏదైనా ఉంటే? అమ్మాయిల తల్లిగా నాకు అదే భయం.

నర్సు_లక్ష్మి

అక్కా, అడిగి మంచిపని చేశారు. అది వేరే దారి, ఇందాకటి దాంతో కలపకూడదు.

అరవడం, ఆడనివ్వకపోవడం బోర్డు చూసుకునే విషయాలు. పిల్లల మీద చెయ్యి చేసుకున్నా, ఎండలో శిక్షగా నీళ్లు తాగనివ్వకపోయినా, తలకి దెబ్బ తగిలాక మళ్లీ ఆడించినా ఆ రోజే పిల్లని తీసుకుని వచ్చేయాలి, ఫోన్ వెంటనే చేయాలి. ఉత్తరాలు తర్వాత.

పిల్లకి విడిగా మెసేజ్‌లు పంపడం, ఒంటరిగా కారులో తీసుకెళ్లడం, "అమ్మకి చెప్పకు" అనడం, వీటిలో ఏది కనిపించినా బోర్డు మీటింగ్ కోసం ఆగొద్దు. పోలీసులకో, పిల్లల రక్షణ విభాగానికో చెప్పాలి. టెక్సస్‌లో అయితే పిల్లల మీద అకృత్యం జరుగుతోందని అనుమానం వచ్చిన ఏ మనిషైనా ఫిర్యాదు చేసి తీరాలి, అది చట్టం. భారతదేశంలో 2012 నాటి పోక్సో చట్టం కూడా తెలిసినవాళ్లు చెప్పి తీరాలనే అంటుంది. జిమ్నాస్టిక్స్ జట్టు డాక్టర్ లారీ నాసర్ అమ్మాయిల మీద చేసిన ఘోరాలు బయటపడ్డాక అమెరికాలో 2018 ఫిబ్రవరిలో ఆటల్లో పిల్లల రక్షణకి సేఫ్ స్పోర్ట్ చట్టం వచ్చింది. డెన్వర్‌లో దానికోసం ఒక కేంద్రమే ఉంది, మీ లీగ్ దాని పరిధిలోకి వస్తుందేమో చూసుకోండి. నాసర్ బారిన పడ్డ ఆ పిల్లలు ఏళ్ల తరబడి పెద్దలకి చెబుతూనే ఉన్నారు. వినలేదు.

ఫ్రిస్కో_అమ్మ

అందరి మాటలూ మా వారికి చదివి వినిపించాను. ఇద్దరం కూర్చుని రాసి నిన్న పంపాం. ఇంగ్లీషులో రాసిందానికి తెలుగు ఇదీ:

"శనివారం మ్యాచ్ మూడో ఇన్నింగ్స్‌లో మా అబ్బాయి క్యాచ్ జారవిడిచాక హెడ్ కోచ్ మైదానంలోకి వచ్చి 'నిద్రపోతున్నావా? ఇది క్రికెట్ కాదు' అని గట్టిగా అన్నారు. అప్పటికి నాలుగు అవుట్లు ఫీల్డింగ్‌లో ఉన్నాడు. తర్వాత ఆడించలేదు. అదే రోజు మా పిచ్చర్ 74 బంతులు వేసినట్టు టీమ్ యాప్‌లో ఉంది. మంగళవారం మళ్లీ రెండు ఇన్నింగ్స్ వేశాడు. కోచ్ గారు వెచ్చిస్తున్న సమయానికి మేం కృతజ్ఞులం. మేం కోరేది మూడు: పిల్లలందరికీ కనీస ఆట సమయం, పిచ్చర్‌కి విశ్రాంతి రోజులు, మిగిలిన మ్యాచ్‌లకి డగౌట్‌లో ఒక బోర్డు సభ్యుడు."

మొదట ఒకటిన్నర పేజీ రాశాను. కడుపునొప్పి, క్లీట్స్, నా ఏడుపు అన్నీ. మా వారు ఒక్కో వాక్యం చూపించి "ఇది మనం చూసిందా, అనుకున్నదా?" అని అడుగుతూ కొట్టేశారు. పంపే బటన్ మాత్రం ఆయనే నొక్కారు.

ఫ్రిస్కో_అమ్మ (రెండు వారాల తర్వాత)

ఏమైందో చెప్పకపోతే బాగుండదని రాస్తున్నాను.

మూడో రోజు సేఫ్టీ ఆఫీసర్ ఫోన్ చేశారు. పిచ్చింగ్ విషయం యాప్‌లో చూసి వెంటనే ఒప్పుకున్నారు. ఆట సమయం గురించి కోచ్‌కి రాతపూర్వక హెచ్చరిక ఇచ్చారు. బోర్డు మెంబరు ఒకావిడ మ్యాచ్‌లకి వచ్చి డగౌట్‌లో కూర్చుంటున్నారు. కోచ్ నాతో మాట్లాడటం మానేశారు, ఆవిడతోనే అన్నీ చెప్పిస్తున్నారు. మా వాడితో మాత్రం ప్రాక్టీసులో "ఆ రోజు నేను అలా అరవకుండా ఉండాల్సింది" అన్నారట. వాడు "ఓకే" అన్నాడట. అంతకు మించి చెప్పలేదు, నేనూ అడగలేదు.

నన్ను కదిలించింది ఇంకోటి. శనివారం 70 దాకా వేసినందుకు మంగళవారం మ్యాచ్‌లో కోచ్ కొడుకుని పిచ్చింగ్‌కి కాకుండా సెంటర్ ఫీల్డ్‌లో నిలబెట్టారు. మా వాడు రైట్ ఫీల్డ్. ఆ పిల్లాడు ఎడమచేత్తో ఊరికే భుజం పట్టుకుని తిప్పుకుంటున్నాడు. మధ్యలో ఇద్దరూ గడ్డి పీక్కుంటూ ఏదో చెప్పుకుని నవ్వుకున్నారు. ఈ సీజన్‌లో ఆ పిల్లాడు నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి.

శనివారం కడుపునొప్పి పోయిన వారం లేదు, ఈ వారం ఉంది. వచ్చే సీజన్ ఆడతాడో లేదో ఇంకా చెప్పట్లేదు.

మా వారు ఫాల్ సీజన్‌కి అసిస్టెంట్ కోచ్‌గా పేరిచ్చారు. బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఫారం నింపారు, పిల్లల భద్రత మీద ఆన్‌లైన్ ట్రైనింగ్ కూడా చేశారు. ఆయన జీవితంలో బేస్‌బాల్ ముట్టుకోలేదు. ఆస్టిన్ తమ్ముడూ, మొదటి ప్రాక్టీసులో ఏం చేయాలి?

కోచ్_నాన్న

అక్కా, చాలా సంతోషం. మొదటి రోజు నేర్పేది తక్కువ పెట్టుకోమనండి. టోపీల మీద టేపు అంటించి పేర్లు రాసి, ఇంటికెళ్లేలోపు పన్నెండు పేర్లూ నోటికి రావాలి. పైకి లేచే బంతులు పట్టడం అసలు బంతితో మొదలుపెట్టొద్దు. టెన్నిస్ బంతులు ఒక డబ్బా కొనుక్కుని వెళ్లమనండి, ముఖానికి తగిలినా అంతగా నొప్పి ఉండదు, భయం పోతుంది. సూర్యుడు పిల్లల వీపు వైపు ఉండేలా వాళ్లని నిలబెట్టాలి. తర్వాత రెండు మూడు వారాలకి ఎండ ఎదురుగా ఉన్నప్పుడు గ్లోవ్‌ని కళ్లకి అడ్డం పెట్టుకుని బంతి చూడటం నేర్పొచ్చు, అది మీ వాడికి ఎవరూ చూపించినట్టు లేదు. కావాలంటే ఆదివారం మీ వారిని నాకు వీడియో కాల్ చేయమనండి. గ్లోవ్ పట్టుకుని కూర్చోమనండి, నేను చూపిస్తాను.